తాడు పట్టే మనిషి

నంద్యాల స్టేషన్‌లో సిమెంటు బెంచీకి ఒక చివర హోమియో మందుల పెట్టెతో ఒకాయన కూర్చున్నాడు. రెండో చివర తేనె డబ్బాతో ఇంకొకతను. ప్యాసింజరు రైలు కదిలి ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“తేనెలో బెల్లప్పాకం ఏమన్నా కలిపినావా అప్పా?” అన్నాడు మందులాయన.

“బెల్లమంతా సారా బట్టీలకే చాలడంల్యా సార్. మాకేడ మిగుల్తాది?”

కోడ్ కలిసింది.

మందులాయన పేరు రాజశేఖర్. ఢిల్లీలో పేరు చెప్పని ఒక బ్యూరోకు ఈ ప్రాంతపు చీఫ్. తేనె డబ్బా మనిషి ఆ బ్యూరో ఏజెంటు. ఫైళ్లలో అతను ఫాల్కన్. నంద్యాల సంతలో మాత్రం తేనె బుడేన్. నల్లమల చెంచుగూడేల్లో తేనె కొని ఊళ్లలో అమ్మే వ్యాపారి వేషం వేసి రెండేళ్లవుతోంది. పుట్టింది నంద్యాలలోనే కాబట్టి వేషానికి పెద్దగా మేకప్ అక్కర్లేకపోయింది. తేనె డబ్బా అడుగున మాత్రం వైర్‌లెస్ సెట్టు ఉంటుంది.

రాజశేఖర్ నోటికి అడ్డంగా పేపర్ పెట్టుకుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. అది 2003 ఏప్రిల్. కాల్డరాక్ అనే విదేశీ ఆయిల్ కంపెనీకి నల్లమల మీద విమానంలో తిరిగి సర్వే చేసుకోవడానికే పర్మిషన్ ఉంది. నేల ముట్టుకోవడానికి లేదు. అయినా ఆ కంపెనీ వెనకున్న ముఠా, అహోబిలం పైన డేగబండ అనే కొండచరియ నడుమ హెలికాప్టర్‌తో చిన్న రిగ్గు దింపి దొంగతనంగా బోరు వేసింది. చమురు తగిలింది. బోరు పైపు ఇంకా అక్కడే ఉంది. ఇక లైసెన్సు చేతికొస్తే ముందుగా లేచిపోయేది డేగబండ కిందున్న చెంచుగూడెం. రోడ్డు వార రేకుల షెడ్లు కట్టి అందరినీ అక్కడికి తోలే ప్లాన్ అప్పుడే సిద్ధమైంది.

ఆ గూడెంలో తేనె కొట్టే అంజి కోర్టుకెక్కాడు. కోర్టు వేసిన విచారణ కమిటీ ఎల్లుండి డేగబండకు వస్తోంది. బోరు ఉన్న చరియ మీదికి తాడు పట్టుకుని దిగడం ఆ చుట్టుపక్కల అంజి ఒక్కడికే చేతనవును. కమిటీ కళ్లముందు అతను దిగి, పైపులో చమురు సీసాకు పట్టి పైకి తేవాలి. ఆ మర్నాడు కంపెనీ హెలికాప్టర్ మళ్లీ వస్తుంది. పైపు మాయమవుతుంది.

“అంజిని చంపుతారంటారా?” అడిగాడు బుడేన్.

“తుపాకీ కూడా ఎందుకు? తాడు జారితే చాలు. తేనె కొట్టేవాడు పడి చస్తే ఎవరికి అనుమానం?”

ఈ సంగతి అందించింది నాగవేణి అని చెప్పాడు రాజశేఖర్. చెంచుల జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్నానని చెప్పుకునే మనిషి. కాల్డరాక్ జీతం తింటూ బ్యూరోకు సమాచారం ఇస్తుంది. ఇంతవరకూ ఒక్క కబురూ తప్పలేదు.

ఒక్క కబురూ తప్పని మనిషంటే బుడేన్‌కు మొదటినుంచీ గిట్టదు.

మర్నాడు పొద్దున ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధిలో ఆమెను కలిశాడు. జీన్స్ ప్యాంటు, కూలింగ్ గ్లాసులు, మెడలో కెమెరా. వినాయకుడి బేరం ఆడుతున్నట్టు నిలబడింది. ఆమె వాడిన సెంటుకు రాతిదుమ్ములో పనిచేసే కుర్రాళ్లు ఉలి ఆపి తలెత్తి చూస్తున్నారు. గూఢచారికి ఇంత అందం ఇబ్బందే, కానీ ఆమెకు అదే కవర్. అంత మెరిసే మనిషి రహస్యంగా ఏదైనా చేస్తుందని ఎవరనుకుంటారు?

ఆమె ఒక ఫోటో అతని చేతిలో పెట్టింది. కంపెనీ మనిషి దగ్గర కొత్త మోటార్ సైకిల్ తాళాలు తీసుకుంటూ నవ్వుతున్న యువకుడు. అంజి బావమరిది సుంకన్న. అంజి దిగినప్పుడల్లా తాడు పట్టేది అతనేనట.

“వాడిని తప్పించెయ్ బుడేన్. అంజికి సొంత అన్న ఉన్నాడుగా, అతను పట్టుకుంటాడు. రక్తసంబంధం, సేఫ్,” అంది.

ఆమెను నమ్మకపోయినా ఫోటోను నమ్మక తప్పలేదు. అయినా సరిచూసుకుందామని బస్టాండు దగ్గర కాపేసి, అదే బండి మీద వచ్చిన సుంకన్నను పట్టుకున్నాడు. కంపెనీవాళ్లకు డేగబండ దారి చూపింది తానేనని, బండి అందుకిచ్చిందేనని అతను దాచకుండా ఒప్పుకున్నాడు. బుడేన్ అతన్ని బ్యూరో అద్దెకు తీసుకున్న విగ్రహాల షెడ్డులో వేసి తాళం పెట్టాడు. చుట్టూ ఉలి మోతలో మనిషి ఎంత అరిచినా బయటికి వినపడదు.

విచారణ రోజు పొద్దునే తేనె డబ్బాతో గూడెం దాటి డేగబండ పైకి చేరేసరికి తాడు చుట్ట మీద అంజి కదలకుండా కూర్చుని ఉన్నాడు. కమిటీ జీపులు కొండ కింద ఆగాయి. రిటైర్డ్ జడ్జిగారు, ఇద్దరు ఇంజనీర్లు, కెమెరాతో నాగవేణి పైకి నడిచి వస్తున్నారు. దిగడానికి సిద్ధంకాలేదేమని బుడేన్ అంజిని అడిగాడు. జవాబు అతని భార్య అంకమ్మ చెప్పింది.

“మా తమ్ముడు కనపడ్డంల్యా. తాడెవురు పడతారు?”

“అంజి అన్న ఉన్నాడు కదా అక్కా.”

అంకమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “ఇన్నాళ్లు మా తేనె తిన్నావు, అదన్నా తెలీదా? అన్న పట్టగూడదు. తమ్ముని పెండ్లాం మీద ఆశ పుడితే చెయ్యి వదిలేస్తాడు. పెండ్లాం తోడబుట్టినోడే పట్టల్ల. అక్క ముండమొయ్యల్లని ఏ తమ్ముడు కోరుకుంటాడప్పా? వాడు రాకుంటే ఈయన దిగడు. నేను దిగనియ్యను.”

ఈ సంగతి నాగవేణికి తెలుసా అని బుడేన్ మెల్లగా అడిగాడు. తెలియకేం, పోయినేడు తమ గుడిసెలోనే పండుకుని, ఇదంతా అడిగి మరీ టేపులోకి ఎక్కించుకుందని చెప్పింది అంకమ్మ.

బుడేన్‌కు లెక్క అప్పుడు తేలింది. హత్య ప్లాన్ అంటూ ఏదీ లేదు. ఉన్న ప్లాన్ ఒకటే: తాడు పట్టే మనిషిని లేకుండా చెయ్యడం. ఆ పని కంపెనీ చేస్తే గొడవవుతుంది. అందుకని భారత ప్రభుత్వం చేత చేయించింది. అనుమానించడమే వృత్తిగా ఉన్న మనిషికి ఆమె ఒక్క అనుమానం అందించి ఊరుకుంది, అంతే.

డబ్బా తెరిచి సెట్టులో రాజశేఖర్‌ను పట్టుకున్నాడు. సుంకన్నను వెంటనే పంపమన్నాడు. అటునుంచి చీఫ్ గొంతు రాయిలా వచ్చింది. సుంకన్న అమ్ముడుపోయినవాడని వాడి నోటితోనే తేలిందని, వాడి చేతికి తాడిస్తే రేపు హత్యకేసులో మొదటి ముద్దాయివి నువ్వేనని హెచ్చరించాడు.

“అవును సార్, అమ్ముడుపోయినాడు. అయినా పంపండి. కేసు నా మీద పెట్టుకోండి.”

చెప్పాడే గానీ లోపల అతనికి ధైర్యం లేదు. నాగవేణి అబద్ధమాడినంత మాత్రాన సుంకన్న నమ్మకస్తుడైపోతాడా? బండి కోసం దారి చూపినవాడు ఇంకో బండి కోసం తాడు వదలడా?

జడ్జిగారు వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు. సాక్షి దిగనంటే ఏమీ కనపడలేదని రాసి వెళ్లిపోవాల్సి ఉంటుందని ఇంజనీరు గట్టిగానే అన్నాడు. నాగవేణి కెమెరాకు మూత పెట్టేసింది. అందరూ వెనక్కి తిరిగే సమయానికి కింద జీపు హారన్ మోగింది. సుంకన్న ఒంటినిండా రాతిదుమ్ముతో, రొప్పుతూ, కొండెక్కి వచ్చాడు.

బుడేన్ అతని కళ్లలోకి చూశాడు. అక్కడ ఏమీ చదవలేకపోయాడు. సుంకన్న చెయ్యి చాచి, “తాడియ్యి,” అన్నాడు. ఇచ్చాడు.

కమిటీ ఎదురు బండ మీదికి వెళ్లింది. అక్కడినుంచి బోరున్న చరియ కనపడుతుంది గానీ తాడు కట్టిన చెట్టు కనపడదు, మధ్యలో పెద్ద గుండు అడ్డం. అంజి నడుముకు తాడు బిగించుకుని అంచు దాటాడు. సుంకన్న చెట్టుకు ఒక చుట్టు వేసి, కాళ్లు తన్ని పెట్టి కొంచెం కొంచెంగా వదులుతున్నాడు. బుడేన్ పక్కనే నిలబడి ఆ చేతుల్నే చూస్తున్నాడు.

అందుకే వెనకనుంచి వచ్చిన నాగవేణిని చూడలేదు. కెమెరా లెన్సు ఉండాల్సిన చోట సైలెన్సర్ బిగించిన తుపాకీ గొట్టం ఉంది.

“కదలొద్దు బుడేన్. సుంకన్నా, చేతులు వదిలెయ్. జారిందని చెప్పు. నీకు జీపు ఇప్పిస్తాను.”

సుంకన్న తల కూడా తిప్పలేదు.

“బండి మీది మేడమ్. తాడు మా అక్కది.”

“కాలుస్తాను.”

“కాల్చుకో. కొసను నడుముకు కట్టుకున్నా. నేను సచ్చినా నా బరువు పట్టుకుంటాది, మా బావ పడడు.”

ఆమె తెలివైన మనిషి. గొట్టం అతని మీదినుంచి తిప్పి, చెట్టుకూ అంచుకూ నడుమ బిగిసిన తాడుకు గురిపెట్టింది. అదే క్షణంలో బుడేన్ మూత తీసిన డబ్బాను ఆమె మొహాన విసిరేశాడు. ప్రభుత్వ వైర్‌లెస్ సెట్టుతో సహా తేనె మొత్తం కూలింగ్ గ్లాసుల మీద పడింది. తూటా ఎండుకొమ్మ విరిగినంత చప్పుడుతో ఆకాశంలోకి పోయింది. ఆమె కళ్లు తుడుచుకునేలోగా చేతులకు బేడీలు పడ్డాయి. సుంకన్న ఇదేదీ చూడలేదు. కింది నుంచి తాడు రెండుసార్లు కదిలింది. లాగడం మొదలుపెట్టాడు.

అంజి పైకొచ్చాడు. ఒక చేతిలో నల్లగా నిండిన సీసా, రెండో చేతిలో కంపెనీ పేరు చెక్కిన పైపు మూత. జడ్జిగారు సీసా మూత తీసి వాసన చూసి, రుమాలుతో ముక్కు మూసుకున్నారు. సర్వే ఆపాలని, బోరు సీలు చెయ్యాలని, గూడెం జోలికి ఎవరూ పోకూడదని అక్కడే బండ మీద కూర్చుని ఉత్తర్వు రాయించారు.

గూడెంలో జనం అంజిని చుట్టుముట్టారు. అతను వచ్చి బావమరిది భుజం తట్టి పోయాడు. బుడేన్‌కు కళ్లు చెమర్చాయి. అలాంటి సమయాల్లో దుమ్ము పడిందని చెప్పడం ట్రైనింగ్‌లో నేర్పిస్తారు.

అప్పుడు అంకమ్మ లేచింది.

“తాడు పట్టినాడు, సరే. ఆ కంపెనీ నాయాండ్లకు దారి యెవురు జూపినారో, ఆ బండి యాడిదో, అదిప్పుడు పదిమందిలో జెప్పమను. యాడ వాడు?”

తుపాకీ ముందు తొణకని మనిషి, అక్క గొంతు వినగానే మెల్లగా బుడేన్ వెనక్కి జరిగి నక్కాడు. ఇరవయ్యేళ్ల గూఢచారి ఉద్యోగంలో ఒకడు తన చాటున దాక్కోవడం ఫాల్కన్‌కు అదే మొదటిసారి.