కుర్చీ నన్నే చూస్తోంది

"నాలుగు కాళ్లు అని పేరు పెట్టుకుని మూడున్నర కాళ్ల కుర్చీ పంపడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?"

తలుపు తీస్తూనే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. గుమ్మం బయట నిలబడ్డవాడు వానకి తడిసి ముద్దయ్యాడు. ఒక చేతిలో పనిముట్ల సంచి, ఇంకో చేతిలో ఊచలు విరిగిన గొడుగు. ముక్కు చివర ఒక నీటిచుక్క వేలాడుతూ, పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"లోపలికొచ్చి పడతానండీ ఆ తిట్లు. ఇక్కడైతే అవి కూడా తడిసిపోతాయి," అన్నాడతను.

అతను పాత కుర్చీలు కొని, బాగుచేసి, రంగువేసి, ఆన్‌లైన్ అంగట్లో అమ్ముతాడు. అక్కడ అతని కొట్టు పేరు 'నాలుగు కాళ్లు'. ఆమె కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. అంగట్లో ఆమె పెట్టుకున్న పేరు 'కంటిపాప'. నాలుగు కాళ్లు గారూ, కంటిపాప గారూ అని మర్యాదగా పిలుచుకుంటూనే ఇద్దరూ అప్పటికి చాట్‌లో జుట్టూజుట్టూ పట్టుకున్నంత పని చేశారు. అమ్మినవాడు ఊళ్లోనే ఉంటే, ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చి చూసి తీరాలని ఆ అంగడి నియమం. అందుకే వచ్చాడు.

కుర్చీని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో పెట్టి నొక్కాడు, కదల్లేదు. మంచం పక్కన పెట్టి నొక్కాడు, కదల్లేదు. మంచం మీద కూర్చున్న ఆమె అమ్మ పక్కన పెట్టాడు, అక్కడా కదల్లేదు.

"మా అమ్మ పక్కన ఎవరూ కదలరు లెండి," అంది ఆమె.

కిటికీ దగ్గర పెట్టగానే టకటకమంది.

"కుర్చీ కుంటిది కాదండీ. మీ నేల కుంటిది."

"నాకు కుర్చీ కిటికీ దగ్గరే కావాలి."

"నేలని నేను అమ్మలేదు కదండీ."

"మరి నేల మీద ఫిర్యాదు ఎక్కడ పెట్టాలి?"

అతను ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు. తర్వాత కింద చతికిలబడి, సంచిలోంచి ఒక చెక్కముక్క తీసి, పలచగా చెక్కి, ఒక కాలి కింద అతికించాడు. నొక్కి చూశాడు. కుర్చీ కొండలా నిలబడింది.

"ఇక దీనికి ఇదే చోటండీ. ఇంకెక్కడ పెట్టినా ఊగుతుంది," అన్నాడు.

ఆ మాట ఆమెకి ఎందుకో చెవిలో ఉండిపోయింది.

అంతలో వంటింట్లోకి వెళ్లిన అమ్మ గొంతు ఖంగున మోగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి! కుర్చీల అబ్బాయికి ఇవ్వవలసిన వేడి టీ మరికొద్ది సేపటిలో బయల్దేరుటకు సిద్ధముగా ఉన్నది!"

అతను ఉలిక్కిపడి సంచి జారవిడిచాడు.

"భయపడకండి. బస్టాండులో మైకులో చెప్పేది మా అమ్మే. ఇంట్లోనూ అదే గొంతు," అంది ఆమె.

అతను నిలబడే టీ తాగాడు, నిలబడే తల తుడుచుకున్నాడు, "స్టార్లు ఇచ్చేయండి మరి" అని వానలోకి వెళ్లిపోయాడు.

ఆమె ఫోన్ తీసింది. ఐదో స్టార్ మీద బొటనవేలు పెట్టబోతుంటే కింద చిన్న అక్షరాలు కనబడ్డాయి: 'స్టార్లు ఇస్తే ఫిర్యాదు తీరినట్టే. ఈ అమ్మకందారుతో మీ సంభాషణ ముగుస్తుంది. పాత మాటలన్నీ చెరిగిపోతాయి.'

బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది.

అయిపోవడం అంటే ఆ అమ్మాయికి చిన్నప్పటినుంచీ భయం. ఏ సినిమా ఆఖరి పావుగంటా చూడదు. ఫోన్ తను ముందు పెట్టదు. అవతలివాళ్లూ పెట్టకపోతే ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండాల్సిందే. సబ్బు కాగితమంత పలచబడినా పారెయ్యదు, తీసుకెళ్లి కొత్త సబ్బుకి అతికిస్తుంది. దీనికంతటికీ మూలం అమ్మ ఉద్యోగమే. బడి అయ్యాక ఆ పిల్ల బస్టాండు బెంచీ మీదే కూర్చునేది. పైన స్పీకర్లో అమ్మ ఏదో ఒక బస్సు బయల్దేరుతోందని చెప్పడం, కింద ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటూ చెయ్యి ఊపడం. అమ్మ నోరు తెరిస్తే ఎవరో ఒకరు వెళ్లిపోతారని ఆ పసిమనసులో గట్టిగా నాటుకుపోయింది.

మనుషులైతే పోతూపోతూ 'వెళ్లొస్తా' అనైనా అంటారు. ఈ ఫోన్ ఆ మాట కూడా అనదు.

అందుకని స్టార్లు నొక్కడం మానేసి, తోచింది రాసేసింది: "కుర్చీ నన్నే చూస్తోంది."

చాలాసేపటికి జవాబొచ్చింది. "ఏ కాలితోనండీ?"

"వెటకారం వద్దు. ఎటు వెళ్లినా చూస్తోంది."

"గోడ వైపు తిప్పి పెట్టండి."

"పెట్టాను. ఇప్పుడు అలిగింది."

"రేపొచ్చి మాట్లాడతాను."

"నాతోనా?"

"ఫిర్యాదు కుర్చీ మీద కదండీ."

అన్నట్టే వచ్చాడు. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని గొంతు తగ్గించి, "ఏమ్మా, ఆవిడ్ని అలా చూడొచ్చా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. కుర్చీ వీపుకి చెవి ఆనించి విన్నాడు.

"ఏమంటోంది?" అంది ఆమె, నవ్వు దాచుకుంటూ.

"చూడక ఏం చెయ్యమంటావు, నువ్వు చూడట్లేదా, అంటోందండీ."

ఆమె గబగబా వంటింట్లోకి పోయి, వెలిగించని స్టవ్వు ఆర్పేసి వచ్చింది.

ఆ తర్వాత ఫిర్యాదులు వానాకాలం పుట్టగొడుగుల్లా మొలిచాయి.

"పక్కింటి బాబాయిగారు కూర్చుంటే లేవట్లేదు."

"బాబాయిలు లేవకపోవడం గ్యారంటీ కిందికి రాదండీ. అయినా వచ్చి చూస్తాను."

"వానొస్తే కుర్చీ దిగులుగా ఉంటోంది."

"చెక్క గుణమండీ. నాకూ అలాగే ఉంటుంది."

ప్రతిసారీ వచ్చేవాడు. కాలు తడిమి, వీపు నిమిరి, మైనం రాసి, టీ తాగి వెళ్లేవాడు. అమ్మ అంతా చూస్తూనే ఉంది.

"ఏమే, అబ్బాయి నచ్చితే నచ్చాడని చెప్పొచ్చుగా. నోరు లేని కుర్చీని ఎందుకే ఏడిపిస్తావు?"

"నాకు ఆ కుర్చీ అంటేనే చిరాకమ్మా."

"అవునవును. పొద్దున దాని చెయ్యి పట్టుకుని కాఫీ తాగుతుంటే చూశాలే."

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒకరోజు అతని దగ్గర్నుంచే పెద్ద సందేశం వచ్చింది.

"కంటిపాప గారూ, చెప్పకూడదనుకున్నాను. తీరని ఫిర్యాదు ఉంటే నెలాఖరుకి నా కొట్టు మూసేస్తారట. కొట్టు పోతే మా అన్నయ్య ఉండే ఊరెళ్లి, వాడి ఫ్యాక్టరీలో చేరాల్సిందే. కుర్చీ నిజంగా నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాను. నచ్చితే ఆ ముక్క రేపు మధ్యవర్తిగారికి చెప్పండి. అంగడి వాళ్లు ఆయన్ని మీ ఇంటికే పంపుతున్నారు."

ఫిర్యాదు ఉంచితే మనిషి ఊరు దాటిపోతాడు. తీర్చేస్తే మాట ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజు షాపులో ఒక పెద్దాయనకి ఎడమ కంటి అద్దం కుడి కంటికి పెట్టి, "ఎలా ఉందండీ?" అనడిగింది. ఆయన పాపం, "లోకం నాకెప్పుడూ ఇలాగే ఉందమ్మా," అన్నాడు.

మధ్యవర్తి మెడకి టై, చేతిలో భూతద్దంతో, మొహంలో చిరునవ్వన్నది మచ్చుకైనా లేకుండా వచ్చాడు. కుర్చీలబ్బాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కుర్చీ చూసిందన్నారు. సూటిగా చూసిందా, ఓరగా చూసిందా?"

"ఓరగానండీ."

"బాబాయిగారు లేవలేదన్నారు. లేవలేకపోయారా, లేవదల్చుకోలేదా?"

"ఆయన ఇంట్లో పిన్నిగారు ఉంటారండీ. లేవదల్చుకోలేదు."

మధ్యవర్తి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చటుక్కున తెరిచి వెనక్కి తిరిగాడు. మళ్లీ మూశాడు, మళ్లీ తిరిగాడు.

"నన్నయితే చూడట్లేదు," అన్నాడు. గొంతులో కాస్త చిన్నబుచ్చుకున్నట్టే ఉంది. "ఆఖరి ప్రశ్న. ఈ కుర్చీలో లోపం ఉందా, లేదా?"

ఆమె గోడ వైపు చూసింది. అతను తల వంచుకుని సంచి పిడిని తిప్పుతున్నాడు. ఆ వేళ్ల మీద తన కుర్చీకి రాసిన మైనమే ఉంది.

"లేదండీ. మొదటి రోజు ఆయన చెక్కముక్క పెట్టి వెళ్లినప్పటినుంచీ బంగారంలా ఉంది."

"మరి ఇన్ని ఫిర్యాదులు దేనికమ్మా?"

"తీరిపోతే... అయిపోతుందని."

మధ్యవర్తి పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. "కొనుగోలుదారుకి కుర్చీతో పేచీ లేదు. అయిపోవడంతో పేచీ." కాగితం అటూ ఇటూ తిరగేసి చూసి అన్నాడు, "దీనికి మా దగ్గర విభాగం లేదు తల్లీ."

ఆమె ఫోన్ తీసి, కళ్లు గట్టిగా మూసుకుని, ఐదో స్టార్ నొక్కేసింది. తెరిచి చూసేసరికి మాటలన్నీ ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. 'ఏ కాలితోనండీ?' అన్నది అన్నిటికన్నా చివర పోయింది.

అతను ఏదో అనబోయాడు. మధ్యవర్తి అతని చేతిలో సంతకాలకి కలం పెట్టాడు. సంతకాలయ్యాక అతను, "థాంక్సండీ. వెళ్తాను," అన్నాడు.

వెళ్లొస్తాను అనలేదు.

వంటింట్లోంచి, "ప్రయాణికులకు..." అని మొదలుపెట్టిన అమ్మ, కూతురి మొహం చూసి మధ్యలోనే ఆపేసింది.

మరునాడు షాపులో అద్దాలు తుడుస్తుంటే ఫోన్ టింగుమంది.

'మీపై ఫిర్యాదు నమోదైంది. ఫిర్యాదుదారు: నాలుగు కాళ్లు.'

ఆ అంగట్లో కొన్నవాళ్లు అమ్మినవాళ్ల మీదే కాదు, అమ్మినవాళ్లు కొన్నవాళ్ల మీదా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇన్నేళ్లలో ఆ సదుపాయం ఎవరూ వాడిన పాపాన పోలేదు. తుడుస్తున్న అద్దం పక్కన పెట్టి తెరిచింది.

'ఈ కొనుగోలుదారు ఇంటికి చాలాసార్లు వెళ్లాను. టీ ఇచ్చారు. తువ్వాలు ఇచ్చారు. ఒక్కసారి కూడా కూర్చోమనలేదు.'

దాని కింద, ఖాళీగా, తెల్లగా, కొత్త చాట్ తెరుచుకుని ఉంది.

ఆమె రాసింది: "ఉన్న ఒక్క కుర్చీనీ మీరు బాగుచేస్తుంటే ఎక్కడ కూర్చోమనాలండీ?"

"అది మధ్యవర్తిగారికి చెప్పుకోండి."

"ఇది ఎప్పుడు తీరుతుంది?"

"మీరు కూర్చోమన్నప్పుడు. అందుకని, దయచేసి అనకండి."

ఆమె ఆ మాట మళ్లీ మళ్లీ చదువుకుంటుండగానే షాపు తలుపు గంట మోగింది. అదే సంచి, అవే విరిగిన ఊచలు, ముక్కు చివర అదే చుక్క.

"కళ్లు చూపించుకోవాలండీ."

"రండి రండి, కూ..." అని చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతని మొహం పాలిపోయింది. "కొంపముంచేవారండీ!"

పరీక్ష కుర్చీ మెత్తగా, వెడల్పుగా, రా రమ్మంటూ ఎదురుగా ఉంది. అతను దాని పక్కనే సిపాయిలా నిటారుగా నిలబడ్డాడు. ఆమె మునివేళ్ల మీద లేచి అతని మొహానికి పరీక్ష ఫ్రేము తగిలించింది. అందకపోతే అతను మోకాళ్లు వంచాడు. మరీ వంచితే కూర్చున్నట్టవుతుందేమోనని ఇద్దరికీ భయమేసింది. ఆమె అతన్ని మళ్లీ నిలబెట్టింది.

"ఈ అద్దంతో బాగుందా, ఈ అద్దంతోనా?"

"రెండిట్లోనూ మీరే కనబడుతున్నారండీ."

"నేను కాదు, గోడ మీది అక్షరాలు!"

"అవి కనబడాలని నేను రాలేదు కదండీ."

సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగిన అమ్మ గొడుగు మూస్తూ లోపలికొచ్చింది. "అదేంటి, అంత కుర్చీ పెట్టుకుని అబ్బాయి కిక్కిరిసిన బస్సులోలా నిలబడ్డాడు?"

ఇద్దరూ ఒకరి మాటలో ఒకరు దూరుతూ సంగతంతా చెప్పారు. అమ్మ ఓపిగ్గా విన్నది.

"ఫోన్ నంబర్లు తీసుకుంటే పోయేదిగా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటి దారొకటి ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"అది కాదమ్మా. ఇది తీరిపోతే..."

"అయిపోతుంది. నీ సంగతి నాకు తెలీదూ?" అమ్మ గొంతులోంచి మైకు దిగిపోయింది. తడిసిన చేత్తోనే కూతురి జుట్టు వెనక్కి తోసింది. "పిచ్చితల్లీ, బెంచీ మీద కూర్చుని నువ్వు బయల్దేరే బళ్లే విన్నావే. వచ్చే బళ్లు కూడా నేనే చెప్పేదాన్ని. పొద్దుగూకాక వరసగా వచ్చేవి. చెయ్యి ఊపి ఏడ్చినవాళ్లే మరో రోజు వచ్చి నవ్వుతూ సామాన్లు అందుకునేవాళ్లు. అప్పటికి నువ్వు నిద్రపోయేదానివి. నిన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని."

కూతురు అమ్మ చేతిలోంచి తడి గొడుగు తీసుకుని మూలన ఆనించింది.

ఆమె అతని వైపు తిరిగింది. "ఫిర్యాదు తీరిపోతే ఏం చేస్తారు?"

"రేపొస్తానండీ."

"ఎందుకు?"

"కారణం దారిలో ఆలోచించుకుంటాను."

"దొరక్కపోతే?"

"ఊరికే వస్తాను."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "కూర్చోండి," అంది.

అతను కూర్చున్నాడు. తన ఫోన్ తీసి 'తీరింది' అని నొక్కాడు. రెండు ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి. 'ఫిర్యాదు తీరినది. సంభాషణ ముగిసినది.' ఆమె ఆ ముక్కని చివరి చుక్కదాకా చదివి, ఫోన్ సొరుగులో పడేసింది.

"ఇప్పుడు పై వరస చదవండి."

"కనబడట్లేదండీ."

"అంత పెద్ద అక్షరం కూడానా?"

"మీరు అడ్డంగా ఉన్నారు."

"జరగనా?"

"వద్దండీ. వద్దు."

అమ్మ గొంతు సవరించుకుంది. బజార్లో వెళ్లేవాళ్లు కూడా ఆగి వినేటట్టు మొదలుపెట్టింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! కుర్చీల అబ్బాయి ఈ సాయంత్రం మా ఇంట భోజనము చేసి బయల్దేరును. మరల రేపు ఉదయము వచ్చును. మా ఇంట కుర్చీ ఒక్కటే ఉన్నందున, వచ్చునప్పుడు రెండవది తనతోపాటు తెచ్చుకొనవలెను!"