తలుపుకి లోపలివైపు

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు చెప్పేస్తాను.

మా ఊరి వెనక కొండ మీద పాడుబడ్డ కోట ఉంది. దానికి మంచి పేరు లేదు. పగలు ఎవరైనా వెళ్లొచ్చు. ఊళ్లు చూడ్డానికొచ్చేవాళ్లు కూలిన బురుజుల మీదెక్కి ఫోటోలు దిగుతారు, పల్లీ తొక్కలు పారేసి పోతారు. పొద్దు వాలాక మాత్రం అక్కణ్ణించి ఒక గొంతు పిలిచేది.

"తలుపు తియ్యండి..."

అంతే. అది వినపడగానే ఊరంతా దీపాలార్పి గడియలు పెట్టుకునేవాళ్లం. తాతలనాటి అలవాటు. దెయ్యాల్లేవని బడిలో గొంతు చించుకునే హెడ్మాస్టరుగారూ కిటికీలు మూసేవారు. దోమలట. నడి చలికాలంలో ఆయనొక్కడికే దోమలు. ఆయన భార్య అయితే ఏకంగా మంచం కింద... సరే, ఆవిడ సంగతెత్తితే పాలు పొంగడం కాదు, విరిగిపోతాయి.

మా మరిది బోర్డులు రాసే పెయింటరు. వాడంత ధైర్యశాలి ఊళ్లో లేడు. కావాలంటే వాణ్ణే అడగండి. కోట పిలిచిన ప్రతిసారీ అందరికంటే ముందు గడియ పడేది వాడింట్లోనే.

వానలకి కోటగోడలు జారుతున్నాయని పైకెళ్లే దారి మూసేశారు. కోటలోని చెరసాల గది తలుపు మీద "లోపలికి వెళ్లరాదు" అని రాయమని వీణ్ణి పంపారు. ఇనుప తలుపు. బయటివైపు రాశాడు. బాగానే రాశాడు. వచ్చేయొచ్చుగా? తలుపు బార్లా తీసి ఉంటే బయటి రాత గోడవైపుకి పోతుంది, లోపలివైపు కూడా రాస్తే ఎటు చూసినా కనిపిస్తుందని లోపలికి దూరాడు. వెళ్లరాదు అని రాయడానికే వెళ్లాడు మహానుభావుడు.

ఆఖరి అక్షరానికి కొమ్ము దిద్దుతుండగా కొండగాలి కొట్టింది. తలుపు ధన్‌మని మూసుకుంది. బయట గడియ దానంతటదే జారిపడింది.

తోశాడు. తన్నాడు. భుజంతో కుమ్మాడు. ఊహూఁ. ఫోను బయట నిచ్చెనకి తగిలించిన సంచిలో మోగింది... మోగింది... ఆగిపోయింది.

పొద్దు వాలింది. గోడలో అరచేయంత కంత. అందులోంచి కింద మా ఊరి దీపాలు కనబడుతున్నాయి. కంతకి నోరు పెట్టి అరిచాడు—

"తలుపు తియ్యండి!"

ఒక దీపం ఆరింది.

మళ్లీ అరిచాడు. ఇంకో నాలుగు ఆరాయి.

వాడు అరుస్తున్నకొద్దీ ఊరు ఆరిపోతోంది. మొదట ఆరింది మా ఇంటి దీపమేనని ఇప్పటికీ దెప్పుతాడు. పడుకునేముందు దీపం ఆర్పుకోవడం కూడా నేరమేనా?

దారి మూసేశారు. వానలు వెలిసేదాకా పైకొచ్చే నాథుడు లేడు. ఇక్కడే ఎండిపోతానని వాడికప్పుడు అర్థమైంది. గొంతు పోయింది. తలుపుకే జారగిలపడ్డాడు.

పక్కన... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"గట్టిగా అరవకు," అందో గొంతు, గుసగుసగా. "గట్టిగా అరిస్తే దీపాలు ఇంకా తొందరగా ఆరిపోతాయి."

వాడు తలుపుకి ఇంకా అతుక్కుపోయాడు. "ఎ... ఎవరు?"

"నీకంటే ముందొచ్చినవాణ్ణి."

"ఎప్పుడొచ్చారు?"

"నీకోసం ఎవరైనా వస్తారా?"

"మా ఆవిడొస్తుంది."

"అంత నమ్మకమా?"

"తిట్టడానికైనా వస్తుంది."

చీకట్లో చిన్న నవ్వు. "అదృష్టవంతుడివి. ఆమె వస్తే... నీ వెనకే నేనూ వస్తాను. వద్దనకు."

వాడేమంటాడు! "అయ్యో, రండి... దానికేముంది," అన్నాడట.

ఇక్కడ కింద ఊళ్లో మా తోడికోడలు నా తలుపు బాదుతోంది. "అక్కా, ఆ అరుపు మీ మరిదిదే!"

"దెయ్యం ఏ గొంతుతోనైనా పిలుస్తుందే. పొద్దున చూద్దాం," అన్నాను తలుపు తియ్యకుండానే. మూసిన కిటికీ వెనకనుంచి హెడ్మాస్టరుగారూ అదే మాట అన్నారు.

తెలతెలవారుతుండగా మా తోడికోడలు కమ్మరిని నిద్రలేపి, సుత్తి చేతికిచ్చి, ముందు నడిచింది. "దెయ్యమైతే దెయ్యమే. నా మొగుణ్ణి చూపించి చావమంటాను," అంది. వెలుగొచ్చింది కాబట్టి మేమూ ధైర్యంగా వెనకాల నడిచాం.

సుత్తి అక్కర్లేకపోయింది. గడియ ఎత్తగానే తలుపు తెరుచుకుంది. మా మరిది పాక్కుంటూ బయటికొచ్చాడు. వీపు మీద పచ్చిరంగు అచ్చుపడి, "లోపలికి వెళ్లరాదు" తిరగబడి ఉంది. పెళ్లాం కాళ్ల దగ్గరే స్పృహ తప్పాడు. మోసుకుని కిందికి దిగాం. కాళ్లవైపు ఎవరో సన్నపాటి మనిషి పట్టుకున్నాడు. కమ్మరి బంధువనుకున్నాను నేను. మా ఇంటి మనిషనుకున్నాడు కమ్మరి.

ఆ మనిషి మా అరుగు మీద కూర్చుని చెంబుడు నీళ్లు తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. ఉండడానికి చోటుందా అన్నాడు. వెనకగది ఖాళీయేగా, ఉండమన్నాను.

జ్వరం తగ్గి లేచాక మా మరిది అడిగిన మొదటి మాట— "వదినా, లోపల నాతో ఉన్నాయన బయటికొచ్చాడా?"

కోట మళ్లీ పిలవలేదు.

ఆయన వెనకగదిలోనే ఉన్నాడు. మర్యాదస్తుడు, మాట తక్కువ. తలుపు మాత్రం వేసుకోడు. మేం ఎన్ని గడియలు పెట్టుకుని పడుకున్నా, పొద్దున లేచేసరికి మా తలుపులన్నీ తీసే ఉంటాయి.