ముందు పళ్ళ సందు

"రమ్యా! ఇంకా ఎంతసేపే? మంచు ఆరితే కూలోళ్ళు చేలో దిగిపోతారు. వాళ్ళకంటే ముందు నీ చెయ్యి పడాలి!"

సుబ్బరావమ్మ వాకిట్లో నిలబడి కేకలేస్తోంది. ఉతికిన చీర కట్టుకుని, చంకలో పత్తి సంచీ పెట్టుకుని ఎప్పుడో తయారైపోయింది. ఆ ఇంట్లో పత్తి తొలి తీత అంటే శ్రీరమ్య చేతి మీదుగానే జరగాలి. పదమూడేళ్ళ పిల్ల మొదటి కాయలోంచి దూది తీసి సంచీలో వేస్తే తప్ప మిగతావాళ్ళు చెయ్యి పెట్టకూడదు. ఎందుకంటే ఆ పిల్ల ముందు పళ్ళ మధ్య సందుంది. బియ్యపు గింజ దూరిపోయేంత సందు. అలాంటి సందున్న పిల్ల అదృష్టవంతురాలని సుబ్బరావమ్మ నమ్మకం. నమ్మి ఊరుకుంటే పరవాలేదు, ఊరంతా చాటింది. మిరప నారు వేసేటప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు కూడా వచ్చి, "పిన్నీ, మీ మనవరాల్ని కాస్త పంపవా" అని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. అప్పుడు చూడాలి సుబ్బరావమ్మ మొహం!

పైకి అదృష్టం అంటుంది గానీ లోపలున్న మాట వేరు. ఆమె భర్త చెంచురామయ్యకి అచ్చం అలాంటి సందే ఉండేది. ఆయన పోయిన ఏడాదే పిల్లకి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళొచ్చాయి. ఆ సందు చూడగానే సుబ్బరావమ్మకి పోయిన మనిషి తిరిగొచ్చినట్టయింది. ఈ సంగతి కొడుక్కీ కోడలికీ చెప్పలేదు. ఒకసారి జడ వేస్తూ మనవరాలి చెవిలో మాత్రం చెప్పింది, "నువ్వు నవ్వితే మీ తాతయ్య కనపడతాడే తల్లీ" అని.

అందుకే ఎండాకాలంలో కోడలు మాధురి పిల్ల పళ్ళకి క్లిప్పులు వేయిద్దామన్నప్పుడు ఆమె ఒంటికాలి మీద లేచింది.

"బంగారంలాంటి పళ్ళకి ఇనప తీగలా? ఎద్దుకి ముకుతాడేసినట్టు! నేను బతికుండగా ఆ సందు ముట్టుకోవడానికి వీల్లేదు."

"స్కూల్లో పిల్లలు గేటు, గేటు అని ఏడిపిస్తున్నారంట అత్తయ్యా. ఇంటికొచ్చి ఏడుస్తోంది."

"అననీ. చూడలేని వాళ్ళు అంటారు."

కొడుకు శ్రీకృష్ణ ఎప్పటిలాగే మధ్యేమార్గం పట్టాడు. "అమ్మకిష్టం లేనప్పుడు ఇప్పుడెందుకులే మాధురీ, పెద్దయ్యాక చూద్దాం" అని చేలోకి వెళ్ళిపోయాడు. మాధురి మొహం మాడ్చుకుని ఊరుకుంది. ఆ తర్వాత పిల్ల కూడా మళ్ళీ ఆ మాటెత్తలేదు. మర్చిపోయిందనుకుంది సుబ్బరావమ్మ.

ఈ మధ్య శ్రీరమ్యకి పై చిగురు వాచింది. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోంది. డాక్టరుకి చూపిద్దామని మాధురి అంటే, "వేడి చేసిందిలే, దానికి డాక్టరెందుకు?" అని కొట్టిపారేసింది సుబ్బరావమ్మ. సబ్జా నీళ్ళు తాగించింది, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, లవంగం నూరి పెట్టింది. వాపు కాస్త తగ్గడం, మళ్ళీ రావడం. పిల్ల తిండి తగ్గించేసింది. నోరు విప్పి మాట్లాడటం కూడా మానేసింది.

"అత్తయ్యా! ఒకసారి లోపలికి రండి!"

వంటింట్లోంచి మాధురి అరిచిన అరుపుకి సుబ్బరావమ్మ చంకలో సంచీ కింద పడిపోయింది.

లోపల శ్రీరమ్య పీట మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పళ్ళెంలో కొరికిన ఇడ్లీ ముక్క, దాని మీద రక్తం. మాధురి పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"చూడండి. మీ కళ్ళతో మీరే చూడండి."

సుబ్బరావమ్మ వంగి చూసింది. ముందు రెండు పళ్ళూ మిగతావాటి కంటే కిందికి జారి పొడుగ్గా కనపడుతున్నాయి. పైన ఒకదానికొకటి ఆనుకుపోయి, కింద పక్కలకి విచ్చుకున్నాయి. మాధురి వేలితో మెల్లగా తాకితే రెండూ కదిలాయి.

"పాలపళ్ళు కావు ఇవి, ఊడితే మళ్ళీ రావడానికి!" అంటూనే మాధురి లేచి ఆటోకి ఫోన్ చేసింది. ఈసారి ఎవర్నీ అడగలేదు. సుబ్బరావమ్మ కూడా మారుమాట్లాడకుండా వెళ్ళి ఆటోలో కూర్చుంది. పేట వెళ్ళేదాకా ముగ్గురిలో ఎవరూ నోరు విప్పలేదు.

చిలకలూరిపేటలో పళ్ళ డాక్టరు సౌజన్య చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. పిల్లని కుర్చీలో పడుకోబెట్టి చూసింది, ఎక్స్‌రే తీసింది. ఫొటోని వెలుగుకి పట్టి చూసింది.

"ఈ రెండు పళ్ళ చుట్టూ ఎముక బాగా కరిగిపోయింది. మిగతా పళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈ వయసులో ఇలా రెండింటికే రావడం మామూలు సంగతి కాదు" అని, పిల్ల వైపు తిరిగింది. "పాపా, ఈ పళ్ళకి ఏమైనా కట్టావా? దారం గానీ, రబ్బరు గానీ? అలాంటివి ఎక్స్‌రేలో కనపడవు, అందుకే అడుగుతున్నా."

శ్రీరమ్య ఒక్కసారి నానమ్మ వైపు చూసింది. లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"దెబ్బేమైనా తగిలిందా?"

మళ్ళీ అడ్డంగానే ఊపింది.

డాక్టరు నిట్టూర్చింది. "సరే. అయితే లోపలేదో జబ్బు ఉండొచ్చు. రక్త పరీక్షలు రాస్తాను, గుంటూరులో పెద్ద డాక్టరుకి కూడా చూపిద్దాం. కానీ ఈలోపు ఈ పళ్ళు ఆగుతాయన్న నమ్మకం నాకు లేదమ్మా. తీసెయ్యాల్సి రావచ్చు. మీరు దానికి సిద్ధంగా ఉండాలి."

బయట వరండాలోకి వచ్చాక మాధురి ఇక ఆగలేకపోయింది. ఇన్నేళ్ళలో అత్తగారి ఎదుట గొంతు పెంచని మనిషి, అంతమంది చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

"ఎండాకాలంలోనే తీసుకొస్తానంటే వద్దన్నారు. చిగురు వాచిందంటే వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్ళు తాగించుకుంటూ కూర్చున్నాం! ఇప్పుడు పళ్ళే పీకేస్తామంటున్నారు. ఆడపిల్ల అత్తయ్యా, బోసినోరు వేసుకుని రేపు స్కూలుకెట్టా వెళ్తది? చెప్పండి!"

"నాకు మాత్రం తెలుసా మాధురీ ఇలా అయిద్దని?"

"తెలీనప్పుడు తెలిసినవాళ్ళని అడగనివ్వాలి. మీ అదృష్టం కోసం నా కూతురి నోరు పాడుచేశారు!"

"ఏంటే ఆ మాట? అది నా కొడుకు బిడ్డ కాదా? దాని మీద నాకు లేని ప్రేమ నీకొక్కదానికే ఉందా?"

"ప్రేమ కాదు అత్తయ్యా, పంతం మీది!"

"అమ్మా, నానమ్మని ఏం అనొద్దు!" శ్రీరమ్య ఇద్దరి మధ్యకీ వచ్చి అరిచింది. "నేనే. నేనే కట్టుకున్నాను."

ఇద్దరూ పిల్ల వైపు తిరిగారు.

"ఫోన్లో వీడియో చూశాను. రెండు పళ్ళకీ కలిపి చిన్న రబ్బరు పెడితే సందు మూసుకుపోద్దన్నారు. జడకి పెట్టుకునే చిన్న రబ్బరు పెట్టాను. దసరా సెలవుల్లో. పొద్దున లేచి చూస్తే లేదు. నిద్రలో ఊడి పడిపోయిందనుకున్నా. మింగేశానేమో అని కూడా భయమేసింది."

"డాక్టరమ్మ అడిగితే ఎందుకు చెప్పలేదే?" అంది మాధురి.

శ్రీరమ్య తల దించుకుంది. "నానమ్మ అక్కడే ఉంది. నేను నవ్వితే తాతయ్య కనపడతాడంది నానమ్మ. ఆ సందు నేను మూసేసుకుంటున్నానంటే తాతయ్యని పోగొట్టినట్టే కదా. నానమ్మ బాధపడుద్దని..."

మాధురి అత్తగారి వైపు చూసింది. ఈ మాట ఆమె వినడం ఇదే మొదటిసారి.

సుబ్బరావమ్మకి తల కొట్టేసినట్టయింది. పళ్ళు కదిలిపోతున్నా, రక్తం కారుతున్నా, రెండు పళ్ళూ పీకేస్తామన్నా ఈ పసిది నోరు మూసుకుంది తన కోసమా! తను బాధపడుతుందనా! చెవిలో ముద్దుగా చెప్పాననుకున్న మాట పిల్ల నెత్తిన ఇంత బరువై కూర్చుందని తెలుసుకోలేకపోయింది. అరవయ్యేళ్ళు దాటినదాన్ని, ఏం లాభం అనుకుంది.

సరిగ్గా అప్పుడే చేతిలో ఫోన్ మోగింది. శ్రీకృష్ణ.

"అమ్మా, కూలోళ్ళు గట్టు మీద కూర్చున్నారు. రమ్య చెయ్యి పడకుండా మేం దిగం అంటున్నారు. ఎంతసేపు పడుద్ది?"

"ఎవరి చెయ్యైతే ఏంట్రా, దూది దూదే! దిగమను!" అని కసిరి ఫోన్ పెట్టేసింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, వరస తప్పించుకుని, సరాసరి డాక్టరు గదిలోకి నడిచింది.

"డాక్టరమ్మా, పిల్ల రబ్బరు కట్టుకుందంట. జడ రబ్బరు. నాకు భయపడి చెప్పలేదు. తప్పు దానిది కాదు."

సౌజన్య కుర్చీలోంచి లేచింది. ఆమె మొహంలో కోపం బదులు వెలుగొచ్చింది.

"హమ్మయ్య! మంచి మాట చెప్పారు మామ్మగారూ. పన్ను పైకి పోయేకొద్దీ సన్నబడుద్ది కదా, ఆ రబ్బరు జారి జారి చిగురులోకి దూరిపోయి ఉంటుంది. అక్కడే ఉండి ఎముకని తినేస్తోంది. కారణం తెలిసింది కాబట్టి ప్రయత్నం చేయొచ్చు. మత్తిచ్చి ఇప్పుడే చూస్తాను. మీరు బయట కూర్చోండి."

తలుపు వేసుకుంది. బయట బల్ల మీద అత్తా కోడళ్ళు ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. మధ్యలో ఖాళీలో వాళ్ళ ఊరి జైతున్‌బీ వచ్చి కూర్చుంది. పక్క వీధిలో జాకెట్లు కుడుతుంది, నలభై దాటిన మనిషి. సంగతంతా విని సుబ్బరావమ్మ చెయ్యి నిమిరింది.

"ఏం కాదు పెద్దమ్మా. డాక్టరమ్మది మంచి చెయ్యి" అంటూ నవ్వింది. ఆమె పళ్ళ మీద తీగ తళుక్కుమంది.

"ఇదేంటే! నీకెందుకు క్లిప్పులు ఈ వయసులో?"

"పై పళ్ళూ కింది పళ్ళూ కలిసేవి కాదు పెద్దమ్మా. ముద్ద నమిలితే దవడ పీకేది. పెద్దవాళ్ళకి కూడా వేస్తారంటే వచ్చేశా. మా ఆయన నవ్వాడు, వీధంతా నవ్వింది. నవ్వనీ! ఇప్పుడు హాయిగా నములుతున్నా."

"నెప్పి పుడుద్దా?"

"బిగించినప్పుడు కాస్త లాగుద్ది. తర్వాత అది నోట్లో ఉందన్న సంగతే గుర్తుండదు."

సుబ్బరావమ్మ ఆమె నోటి వైపు తేరిపార చూసింది. ముకుతాడులా ఏమీ లేదు. చిన్న చిన్న బిళ్ళలు, వాటి మీదుగా సన్నటి తీగ. దీని కోసమా ఇంత రాద్ధాంతం చేశాను అనుకుని సిగ్గుపడింది. లేచి వెళ్ళి కోడలి పక్కన కూర్చుంది. మాధురి తలెత్తలేదు గానీ, పక్కకి జరగనూ లేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు చేతిలో దూది ముక్క, దాని మీద రక్తంలో తడిసిన చిన్న నల్ల రబ్బరు. కందిగింజ కంటే పెద్దదేం కాదు.

"దొరికింది. వేరు చివరిదాకా పోలేదు, అదే మన అదృష్టం. చిగురు శుభ్రం చేసి, కదలకుండా పక్క పళ్ళకి తీగతో కట్టాను. మందులు వాడుతూ, చెప్పినప్పుడల్లా తీసుకురండి. పళ్ళు నిలబడతాయి."

మాధురి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని బావురుమంది. సుబ్బరావమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆపుకోలేక డాక్టరు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఇంకో మాట" అంది సౌజన్య, ఇద్దరినీ లోపలికి తీసుకెళ్ళి. "ఇదంతా మానాక క్లిప్పులు వెయ్యక తప్పదు, పళ్ళు వంకరపోయాయి కదా. అప్పుడు పాత సందు అలాగే ఉంచమంటే ఉంచుతాను, మూసెయ్యమంటే మూసేస్తాను. ఆలోచించుకోండి."

కుర్చీలో పడుకున్న శ్రీరమ్య నానమ్మ వైపు చూసింది. అదే భయం, అదే చూపు.

"నా వంక చూడబాకు" అంది సుబ్బరావమ్మ. గొంతు గట్టిగానే ఉంది. "నోరు నీది, పళ్ళు నీవి. నీకెట్టా కావాలో అట్టా చెప్పు."

మత్తుకి పెదవి ఒక పక్కకి లాగుతుంటే, పిల్ల మాటలు కూడబలుక్కుంది. "మూసెయ్యమను నానమ్మా."

"విన్నారుగా డాక్టరమ్మా. మూసెయ్యండి."

ఆ మాటైతే అనేసింది గానీ, బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడింది. కళ్ళు నిండిపోయాయి. వెనకాలే మాధురి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా, అందరి ముందూ అంతంత మాటలన్నాను. మామయ్య గుర్తుగా దాచుకున్నారని నాకు తెలీదు. ఒక్క మాట చెప్పుంటే..."

సుబ్బరావమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఎన్నో ఏళ్ళుగా తలపుకి రానిదేదో అప్పుడే తట్టినట్టు కోడలి వైపు చూసింది.

"మీ మామయ్య ఫొటో ఒక్కటైనా నోరు తెరిచి నవ్వింది చూశావా నువ్వు?"

మాధురి ఆలోచించింది. "లేదత్తయ్యా. అన్నిట్లో సీరియస్‌గానే ఉంటారు."

"సీరియసా, పాడా! పెళ్ళి ఫొటోకి ఆ ఫొటో మనిషి నవ్వమని ఎంత బతిమాలినా మూతి బిగించుకునే నిలబడ్డాడు. ఎందుకయ్యా అంటే, ఫొటోలో సందు పడుద్దే అన్నాడు. నలుగురిలో పక్కున నవ్వింది నేను చూళ్ళేదు. ఇంట్లో నా ముందు మాత్రమే నవ్వేవాడు. నాకది ముద్దొచ్చేది. నాకు ముద్దొచ్చింది కాబట్టి ఆయనకీ ఇష్టమే అనుకున్నా. ఆ రోజుల్లోనే ఈ క్లిప్పులుంటే, ఎడ్లబండి కట్టుకుని అందరికంటే ముందు ఆయనే వచ్చి కూర్చునేవాడే మాధురీ!"

ఏడుస్తూనే నవ్వింది. మాధురికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఆ వరండాలోనే నిలబడిపోయారు.

శ్రీరమ్య తలుపు తీసుకుని బయటికొచ్చి వాళ్ళని వింతగా చూసింది. సుబ్బరావమ్మ మనవరాలిని దగ్గరకి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"చూడు తల్లీ, క్లిప్పులు వేసినరోజు నీకొక ఫొటో తీయించాలి. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాలి. మీ తాతయ్య నవ్వలేకపోయిన ఫొటోలన్నిటికీ కలిపి నవ్వాలి. సరేనా?"

పిల్ల తలూపింది. ముగ్గురూ మెట్లు దిగి ఆటో ఎక్కారు. ఈసారి ఊరొచ్చేదాకా ముగ్గురూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.