నాన్న కెమెరాకి స్టాండు

పొద్దున్నే స్టూడియో షట్టర్ పైకెత్తి, అద్దాలు తుడిచి, కాఫీ కోసం పుట్టింటి మేడమెట్లెక్కిన స్టాండు గుమ్మంలోనే ఆగిపోయింది. సోఫాలో నాన్న, పక్కనే మరదలు. ఇద్దరి తలలూ ఒకే ఫోను మీద వాలి ఉన్నాయి.

"ఇది చూడండి మావయ్యా. చెరువు ఇవతలి గట్టున కూర్చుంటే అవతలి గట్టు మీద కొంగ కన్ను కూడా కనిపిస్తుందట. లెన్సులు మార్చే పనే లేదు. బరువూ తక్కువే."

"పువ్వుల్ని దగ్గర్నుంచి తీయొచ్చా?"

"పిట్టలు, పువ్వులు, ఇంట్లో మనుషులు, అన్నిటికీ ఇదొక్కటి చాలు. బ్రిడ్జ్ కెమెరా అంటారు."

స్టాండుకి గుండెల్లో కలుక్కుమంది. కలుక్కుమనదూ మరి! స్టాండు అన్న పేరు ఆమెకు ఊరికే వచ్చిందా? స్టూడియో పెట్టిన కొత్తలో మూడుకాళ్ల స్టాండు కొనే స్తోమత లేక, నాన్న ఆరేళ్ల కూతుర్ని ముందు నిలబెట్టి, ఆ భుజం మీద కెమెరా ఆనించి ఫోటోలు తీసేవాడు. "ఊపిరి బిగబట్టవే స్టాండూ!" అనేవాడు. ఆ పిల్ల బుగ్గలు పూరించుకుని కదలకుండా నిలబడేది. వీధి వీధంతా అదే పేరు ఖాయం చేసేసింది.

పదేళ్లు నిండగానే కెమెరా ఆమె చేతికిచ్చాడు. చెయ్యి వణికిందా, నెత్తిన మొట్టికాయే. "చెయ్యి వణికేవాళ్లు కెమెరా ముట్టుకోకూడదు" అనేవాడు. పెళ్లయి రెండు వీధుల అవతలికి వెళ్లినా ఆమె స్టూడియో వదల్లేదు. ఆరు నెలల కిందట నాన్న "ఇక ఓపిక లేదమ్మా" అని మేడ మీదే ఉండిపోయాక మొత్తం ఆమే నడుపుతోంది. అలాంటిది నాన్న కెమెరా కొనుక్కోవాలంటే ఎవర్నడగాలి? తమ్ముడి పెళ్లాన్నా? ఇంట్లో అడుగుపెట్టి ఏడాది కాలేదు. ఫోటో తీయమంటే మనుషుల తలకాయలు ఎగరగొట్టే పిల్ల!

"ఏంటి, కెమెరా బేరమా?" అంది స్టాండు, నవ్వు మొహానికి పులుముకుని.

నాన్న గబుక్కున చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏం లేదమ్మా. ఊరికే, పిట్టల్ని తీద్దామని..."

"లెన్సు ఊడిరాని కెమెరాతోనా? దాని లోపల బొమ్మని పట్టే సెన్సారు గోరంత ఉంటుంది. కాస్త మబ్బు పట్టిందంటే ఫోటో అంతా చుక్కలు చుక్కలే. నలభై ఏళ్లు ఫోటోలు తీసినవాడివి, ఆటబొమ్మ కొనుక్కుంటావా నాన్నా?"

"మావయ్యగారు వెలుతురున్నప్పుడే వెళ్తారు కదా వదినా" అంది మరదలు మెల్లగా.

"ఓహో! వెలుతురు గురించి నువ్వు నాకు చెప్తున్నావా?"

కాఫీ తాగకుండానే స్టాండు దబదబా మెట్లు దిగింది.

ఆ రోజంతా స్టూడియోలో గిన్నెలు లేవు గానీ, ఉంటే అన్నీ సొట్టలు పడేవి. పాస్‌పోర్ట్ ఫోటోకొచ్చిన పెద్దమనిషి మీద విరుచుకుపడింది.

"నవ్వకండి అంటుంటే!"

"నేను నవ్వట్లేదమ్మా. నా మొహమే ఇంత" అన్నాడాయన బిక్కమొహం వేసుకుని.

ఫోటోలు కత్తిరిస్తుంటే ఒక్కటే ఆలోచన. ఆ ఇంట్లో వంటగది మరదలిది, తమ్ముడు మరదలివాడు. పోనీలే అనుకుంది. కెమెరా ఒక్కటి తనది. నాన్నకీ తనకీ మధ్య ఉన్నది అదొక్కటే. అది కూడా ఆ పిల్లకే ఇచ్చేస్తే ఇక ఈ ఇంటికి తనెవరు? చూపిస్తాను, అసలు కెమెరా అంటే ఏంటో ఇద్దరికీ చూపిస్తాను అనుకుంది.

చూపించింది కూడా. ఆదివారం పొద్దున స్టూడియోలోని పెద్ద కెమెరాకి, అద్దెకు తెచ్చిన చెయ్యంత పొడుగు లెన్సు బిగించి, నాన్నని చెరువు దగ్గరికి బయల్దేరదీసింది. "నేనూ వస్తాను వదినా" అని మరదలు వెంటపడింది. రాకపోతేనే ఆశ్చర్యం అనుకుంది స్టాండు.

గట్టు మీద బెంచీ. ఎదురుగా నీళ్లలోకి వంగిన కొమ్మ మీద నీలం రంగు లకుముకిపిట్ట.

"తియ్యి నాన్నా!" కెమెరా చేతికందించింది.

"నువ్వే తియ్యమ్మా."

"వదినా, నాకివ్వండి, నేను పట్టుకుంటాను" అంటూ మరదలు లేవబోయింది.

అంతే, స్టాండుకి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "ఎందుకూ? నువ్విస్తేనే ముట్టుకుంటాడా? ముప్పై ఏళ్లుగా ఆయన పక్కన నేనున్నాను! తియ్యి నాన్నా. నేనిచ్చిన కెమెరా పనికిరాదా?"

నాన్న కెమెరా కంటికెత్తాడు. క్లిక్, క్లిక్, క్లిక్. స్టాండు లాక్కుని చూసింది. ఒక్క పిట్ట మూడు పిట్టలై, కొమ్మ పొగలా అలికేసి ఉంది.

ఎండ కళ్లలో పడిందేమో అని తలెత్తింది. నాన్న చేతులు ఒళ్లో దాక్కోవడానికి పెనుగులాడుతున్నాయి. కుడిచెయ్యి ఎడమచేతిని పట్టుకుంటే రెండూ కలిసి వణుకుతున్నాయి.

"నాన్నా... ఎప్పట్నుంచి?"

"ఆర్నెల్లయిందమ్మా."

ఓపిక లేదని మేడ మీద కూర్చున్నప్పట్నుంచి! "డాక్టర్‌కి చూపించారు. మందులు వాడుతున్నారు" అంది మరదలు. "ఒకరోజు కాఫీ కప్పు జారవిడిచారు, అప్పుడు తెలిసింది నాకు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు వదినా. ఆ కెమెరా తేలిక, చెయ్యి అదిరినా కొంత సర్దుకుంటుందట. అందుకని..."

"దానికి చెప్పి నాకు చెప్పలేదేం?" అంది స్టాండు.

నాన్న నీళ్లవైపు చూస్తూ అన్నాడు. "ఆ పిల్ల నెత్తిన నేనెప్పుడూ మొట్టలేదమ్మా. చెయ్యి వణికేవాళ్లు కెమెరా ముట్టుకోకూడదని నీకు చెప్పాను. ఏ మొహం పెట్టుకుని నీకు చెప్పను?"

స్టాండుకి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ తను అసూయపడింది ఈ పిల్ల మోస్తున్న బరువుని చూసా! సిగ్గుతో తల వాలిపోయింది. ముక్కు తుడుచుకుని, బట్టలకు బురదంటుతుందని కూడా చూడకుండా, బెంచీ ముందు నేల మీద నాన్నకి వీపు పెట్టి కూర్చుంది.

"స్టాండు రెడీ నాన్నా. పెట్టు."

లెన్సు బరువు భుజం మీద వాలింది. నాన్న వణుకు ఆమె ఎముకల్లోకి దిగింది. ఊపిరి బిగబట్టింది. ఆ వణుకు మెల్లగా సద్దుమణిగింది. క్లిక్.

ఈసారి ఒక్కటే పిట్ట, దాని కన్నులో చిన్న మెరుపుతో సహా.

"అబ్బ!" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట కోసమే కదా ఆమె ఇన్నాళ్లూ బతికింది.

"మీరు చెప్పిన ఆ బ్రిడ్జ్ కెమెరానే కొందాం" అంది స్టాండు. "ఇంత బరువు నాన్న రోజూ ఎత్తలేడు. సెన్సారు గోరంతయితే అయింది, పిట్ట కనిపిస్తే చాలు."

"దానికీ స్టాండు కావాలే" అన్నాడు నాన్న.

కావాలి. ఆదివారం సరే, మిగతా ఆరు రోజులూ తను స్టూడియోలో ఉండాలి కదా! గుండెల్లో పాత కలుకు మళ్లీ ఒక్కసారి కదిలింది. స్టాండు దాన్ని మింగేసి, వెనక్కి తిరిగి మరదల్ని పిలిచింది.

"ఇటు రావే. ఇలా నా పక్కన కూర్చో. భుజం బిగించకు, వదిలెయ్. ఆయన వేలు బటన్ మీదికి రాగానే ఊపిరి బిగబట్టాలి. ఏదీ, పట్టు చూద్దాం."

మరదలు కళ్లు తుడుచుకుని, బురదలో వదిన పక్కన చతికిలబడి, బుగ్గలు పూరించుకుంది.