ఊరట ఎవరిది?

...అయితే ఆ ఊరట ఎవరిది? పొద్దున్న పళ్లు తోముకుంటుండగా గోడతెర వార్త చెప్పింది, హెవీవెయిట్ బాక్సర్ పైడిరాజు ఈసారి కూడా ప్రత్యర్థిగా బలహీనుణ్నే ఎంచుకునేలా ఉన్నాడని. వినగానే త్రినాథ్ గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆ తర్వాతే కోపం వచ్చింది, పిరికివాడని తిట్టుకున్నాడు కూడా. కానీ ముందు వచ్చింది ఊరటే. ముఖం కడుక్కుని తువ్వాలు అందుకోబోతే కిటికీ దగ్గర నాడీపట్టీ కనబడింది. రాత్రి ఛార్జింగుకి పెట్టింది అక్కడే ఉంది. చేతికి లేదు.

పట్టీ కట్టుకుని ఓడరేవు రోడ్డు మీద టీ కొట్టుదాకా నడిచి వచ్చినా ఆ ముడి విడలేదు.

ఒకరి ఒంట్లోది ఇంకొకరి ఒంటికి అందించే ఈ నాడీపట్టీ వచ్చాక విశాఖలో ఒకరినొకరు ఎలా ఉన్నావని అడగడం మానేశారు. అడిగే పనేముంది? పసిపాప ఏడవకముందే దాని ఆకలి తల్లి కడుపులో మెలిపెడుతుంది. రోగికి నొప్పి ఎక్కడో వైద్యుడికి తన ఒంట్లోనే తెలుస్తుంది. బాక్సింగు అభిమానులకైతే బరిలో ఉన్నవాడి సంతోషం, భయం, తిన్న దెబ్బలో పదోవంతు నొప్పి అందుతాయి. పైడిరాజు పట్టీ కట్టుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు.

ఆ పైడిరాజు రెండేళ్లుగా తనకన్నా తక్కువవాళ్లతోనే ఆడుతున్నాడు. ఈరోజు పదింటికి తేల్చి చెప్పాలి. అందరూ జంకే తిమోర్‌తో తలపడతానంటే ప్రపంచ టైటిలుకి దారి దొరుకుతుంది. కాదంటే ఆ అవకాశం ఇంకొకడికి పోతుంది, మళ్లీ రాదు.

"పిరికోడ్రా బాబూ!" గౌరీశు బల్ల చరిచాడు. త్రినాథ్‌తోపాటు రేవులో క్రేన్లు నడుపుతాడు అతను. "పొద్దున్న వార్త రాగానే ఎంత తేలికపడిపోనాడో! నా గుండెల్లో నాకు తెలిసిపోనాది."

"నాకూ తెలిసినాది," అంది కొట్టు నడిపే అప్పలకొండమ్మ, టీ వడపోస్తూ. "పోన్లే నాయనా, దెబ్బ తినకండా గెలుస్తన్నాడు. నీకేటి బాధ?"

"అదీ ఒక గెలుపేనా పిన్నీ? మొన్నటోడికి గ్లౌజులు తొడుక్కోడానికే ఆయాసం వొచ్చీసింది. మా తాతని దింపినా పైడిరాజే గెలుస్తాడు."

"మీ తాతని తక్కువ సెయ్యకు. నిన్న ఇక్కడే ఆరు బజ్జీలు తినీసి, ఇంకున్నాయేటే అన్నాడు."

గౌరీశు నవ్వి, త్రినాథ్ వైపు తిరిగాడు. "ఏరా, నోరెత్తవేటి? రోజూ నాకన్నా ముందు తిట్టేది నువ్వే కదా."

"పొద్దున్న నాకు పట్టీ లేదు," అన్నాడు త్రినాథ్. "అయినా తేలికపడ్డాను."

"అయితే?"

"అయితే ఏటో నాకూ తెలీదు."

"టీ తాగరా, తెలుస్తాది."

త్రినాథ్ తాగాడు. ఏమీ తెలియలేదు. మణికట్టు మీద పట్టీకి పెట్టిన కుంకుమ చుక్క వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆట ఉన్న రోజున, నిర్ణయం ఉన్న రోజున అభిమానులు అలా చుక్క పెట్టుకుంటారు. తమ ధైర్యం ఆటగాడికి చేరాలని. చేరుతుంది కూడా. పట్టీలో ఎదురునాడి అని ఒకటి ఉంది. అభిమానుల ఉత్సాహం ఆటగాడి గుండెకు అందడానికే దాన్ని పెట్టారు. ఉత్సాహం ఒక్కటే ఎలా పోతుంది? దాంతోపాటు భయమూ పోదా?

రెండేళ్ల కిందట చెన్నైలో పైడిరాజు దవడ మీద తిన్న ఆ ఒక్క దెబ్బ గుర్తొచ్చింది. తనకి అందింది పదోవంతే. అయినా రెండు రోజులు త్రినాథ్ పెరుగన్నం కూడా నమల్లేకపోయాడు. ఆ తర్వాతే పైడిరాజు బలహీనులతో ఆడడం మొదలైంది. బలమైనవాడి పేరు వినబడినప్పుడల్లా తన ఒళ్లు బిగుసుకునేది. అది పైడిరాజు భయమనే అనుకున్నాడు, కొంచెం అసహ్యించుకున్నాడు. పైడిరాజు కూడా తన ఛాతీలో ఆ బిగువును చూసి తనదే అనుకున్నాడేమో. లేక నిజంగా అతనిదేనేమో. ముందు ఎవరు భయపడ్డారు? మొదలు ఎక్కడో వెతుకుతూ వెనక్కి పోయినకొద్దీ, తన గుండె ఎక్కడ ఆగి అతని గుండె ఎక్కడ మొదలైందో త్రినాథ్‌కి అంతుపట్టలేదు.

పదయింది. కొట్టు గోడతెర మీద పైడిరాజు కనిపించాడు. అంత పెద్ద మనిషి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎవరితో ఆడతావని ఎవరో అడిగారు. అతను మణికట్టు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు, దూరంగా ఎవరో చెబుతున్నది వినేవాడిలా.

"తిమోర్ అను! తిమోర్ అనీరా బాబూ!" గౌరీశు లేచి నిలబడి గొంతు చించుకుంటున్నాడు. ఒక చేత్తో పిడికిలి బిగించి గాలిలో ఊపుతున్నాడు. రెండో చెయ్యి అతనికి తెలియకుండానే దవడను కప్పుకుంది.

త్రినాథ్ తల తిప్పాడు. అప్పలకొండమ్మ కొంగుతో నోటి పక్కన అదుముకుంటోంది. అప్పుడు తన బుగ్గ మీద వెచ్చగా ఏదో తగులుతున్నట్టనిపించింది. చూసుకుంటే తన అరచెయ్యే.

తెరమీద పైడిరాజు ఇంకా కళ్లు తెరవలేదు.

త్రినాథ్ దవడ మీంచి చెయ్యి తీసి, పట్టీ కొక్కెం విప్పి, టీ గ్లాసు పక్కన పెట్టాడు.