ఆగస్టులో దొరకనివాళ్ళు

సన్మానాలంటే నాకు ముందునుంచీ మంట. ఊళ్ళో ఉన్నప్పుడు రొట్టెముక్క పెట్టనివాళ్ళు, పరాయి దేశంలో పైకొచ్చాక పిలిచి ఇత్తడి పలక చేతిలో పెడతారు. అదీ ఇంజనీర్లకీ, డాక్టర్లకీ. పద్నాలుగో ఏట బడి మానేసి ఐస్‌క్రీం గరిటె పట్టుకున్న నాలాంటివాడి మొహం ఎవడు చూస్తాడు?

చూసినది నీవెస్ ఒక్కతే. అదీ తిట్టడానికి.

తొంభై నాలుగు మే నెల, ఆ ఏడు మొదటి ఎండ కాసిన ఆదివారం. జర్మనీలో, మిందెన్‌లో, మా కొట్టు ముందు క్యూ చర్చి మెట్లదాకా పోయింది. లోపల మా నాన్న, తార్చీజియో, పిస్తా ఐస్‌క్రీం కలుపుతున్నాడు. కౌంటర్లో నేను. చంకలో ఫైలుతో ఒక అమ్మాయి అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

“ఏమండీ, లైను కనబడట్లేదా?” అన్నాను జర్మన్‌లో.

“కనబడుతోంది. నేను ఐస్‌క్రీంకి రాలేదు,” అంది మా సొంతూరి కొండల భాషలో. “మూడు లోయల ప్రవాసుల సమితి నుంచి వచ్చాను. సన్మానాల జాబితా కోసం మీ నాన్నగారు సాధించిన విజయాలు రాసుకోవాలి.”

“విజయాలా? అవిగో, క్యూలో నిలబడ్డాయి. ఒక్కోదానికీ రెండేసి గరిటెలు వెయ్యాలి.”

“వెటకారమా?”

“ఖాళీ లేక. సాయంత్రం రండి.”

“సాయంత్రం నాకు రైలుంది!”

“అయితే ఆ ఏప్రన్ కట్టుకోండి. పని త్వరగా తెమిలితే మాట్లాడుకోవచ్చు.”

పారిపోతుందనుకున్నాను. ఫైలు ఫ్రీజరు మీద పడేసి ఏప్రన్ కట్టుకుంది. పది నిమిషాల్లో నిమ్మ మీద చాక్లెట్ వేసి ఒక పెద్దావిడ చేతిలో పెట్టింది.

“ఏమిటది?”

“కొత్త రుచి.”

“రుచి కాదు, పాపం.”

పెద్దావిడ నాకి చూసి, ఇంకోటి అడిగింది. నీవెస్ నావైపు చూసిన చూపుకి నా చేతిలో కోను విరిగింది.

రైలు పోయింది. ఆ సాయంత్రం నాన్న కుర్చీలో కూలబడి చెప్పాడు. “యాభై మూడులో వచ్చానమ్మా. ముందు ఈ కిటికీ ఒక్కటే నాది. గల్లీలో నిలబడ్డవాళ్ళకి అందులోంచే అమ్మేవాణ్ణి. పక్కన గుమ్మం తెరవడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇదీ ఒక విజయమేనా?”

“ఇదేనండీ విజయం,” అంటూ ఆమె మొత్తం రాసుకుంది. మా బతుకుని ఎవరో శ్రద్ధగా రాసుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

తర్వాత వారం వారం నీవెస్ ఫోను. ప్రతిసారీ ఏదో ఒక సందేహం.

“మీ నాన్నగారి చొక్కా కొలత ఎంత?”

“మీరిచ్చేది పలకా, చొక్కానా?”

“రికార్డు కోసమండీ.”

“నా కొలత కూడా రాసుకోండి మరి. రికార్డు నిండుగా ఉంటుంది.”

జూలైకల్లా మీరు పోయి నువ్వులోకి దిగాం. అప్పుడొచ్చింది ఉత్తరం. నాన్నకి సన్మానం, ఆగస్టు పద్నాలుగున.

నాన్న ఉత్తరం మడిచేశాడు. “ఆగస్టులో షట్టర్ దించినవాణ్ణి మన లోయలో ఐస్‌క్రీంవాడనరు, సోమరి అంటారు.”

మా లోయల నుంచి బెల్జియం ఫ్యాక్టరీలకీ, స్విట్జర్లాండు తాపీపనికీ పోయినవాళ్ళు ఆగస్టు సెలవుల్లో ఊరొస్తారు. సమితి పండుగ వాళ్ళ కోసం. మేం ఊరొచ్చేది చలికి కొట్టు మూశాక, నవంబరులో, మంచుతో పాటు. ఇన్నేళ్ళలో ఒక్క ఐస్‌క్రీంవాడూ పలక అందుకోలేదు.

రాలేమని చెబితే ఫోనులో నీవెస్ మండిపడింది. “ఐస్‌క్రీంవాళ్ళకి పొగరు, పిలిచినా రారు అని మా సమితి అధ్యక్షుడంటే నేను పోట్లాడి పేరు రాయించాను! ఇప్పుడు నువ్వూ అదే చేస్తున్నావ్.”

“మీకు సెలవున్న రోజు మాకు ఊపిరాడదు. ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?”

“ఎల్వియో, నన్ను ఊళ్ళో అమ్మమ్మ పెంచింది. మా అమ్మానాన్నా బెల్జియంలో. ఏడాదికి ఆగస్టులో మూడు వారాలే వాళ్ళు నాకు. నాకు తెలిసిన పండుగ ఆ నెలే.”

“అయితే పలక పోతే పోనీ.”

“నేను పలక గురించే మాట్లాడుతున్నాననుకుంటున్నావా?” ఠక్కున ఫోను పెట్టేసింది.

వారం దాటినా ఫోను లేదు. పదమూడో తారీకు పొద్దున్నే నాన్న నా ముందు బకెట్టు పెట్టాడు.

“ఒరేయ్, స్ట్రాబెర్రీలో ఉప్పు పోశావ్. మొదటిసారి ఒక తొట్టె పారబోశాను. నువ్విక్కడుంటే కొట్టుకే ప్రమాదం. పోయి ఆ పలకేదో తీసుకురా.”

“ఒక్కడివీ ఎలా నాన్నా?”

“గుమ్మం మూసి కిటికీలోంచి అమ్ముతా. నాకేం కొత్తా?”

మర్నాడు మిందెన్‌లో ఎండ, మా లోయలో జోరువాన. పండుగ గుడారం మీద చినుకులు డప్పులు వాయిస్తుంటే లోపల మూడొందలమంది. ముందు వరసలో నీవెస్ నాన్న ఒలిందో, అమ్మ ఇర్మా. నీవెస్ మైకు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడింది. నన్ను చూడగానే కాగితాలు తిరగేసి పట్టుకుంది.

పలక ఇచ్చి మాట్లాడమన్నారు. బడి మానేసినవాడికి ఉపన్యాసమేం వస్తుంది?

“మీరు మమ్మల్ని పొగరుబోతులనుకున్నారు. మీరు మమ్మల్ని మరిచిపోయారని మేమనుకున్నాం. రెండూ తప్పే. మీ సెలవు రోజే మాకు పని రోజు, అంతే. మా నాన్న ఇవాళ ఒక్కడే చేతులు నొప్పెట్టేలా అమ్ముతున్నాడు, నేనిక్కడికి రావాలని. ఈ పలక ఆయనది. నేనొచ్చింది మాత్రం ఆ ఫైలు పట్టుకున్నామె కోసం.” ఆమె వైపు తిరిగాను. “నీవెస్, నాతో వస్తే నీ ఆగస్టు పోతుంది. తెలిసే అడుగుతున్నాను. వస్తావా?”

నీవెస్ తన తండ్రి వైపు చూసింది. తర్వాత నా చేతిలోంచి మైకు లాక్కుంది.

“అధ్యక్షులవారూ, కార్యక్రమంలో లేని అంశం ఒకటి ముందుకొచ్చింది. నేను ఆమోదిస్తున్నాను.” గుడారమంతా చప్పట్లు మోగాయి.

ఒలిందో లేచి నిలబడ్డాడు. చప్పట్లు ఆగిపోయాయి.

“అంటే, మేం సెలవుకొచ్చేసరికి ఊళ్ళో అల్లుడుండడన్నమాట?”

“ఉండనండి.”

“కూతురూ ఉండదు.”

“ఉండదండి,” అన్నాను. తల వాలిపోయింది.

ఆయన మీసం నిమురుకుని భార్య వైపు తిరిగాడు.

“విన్నావా ఇర్మా? వచ్చే ఏడు మనం ఊరికి రావట్లేదు. మిందెన్‌కి రైలు ఎక్కడ మారాలో ఈ కుర్రాణ్ణి అడుగు.”