అరచేతి అచ్చు

తామ్రగిరి రాజ్యంలో ఒకప్పుడు ప్రతి సోమవారం సంతలో వార్తల గుడ్డ అమ్మేవారు. మూరెడు తెల్లగుడ్డ మీద ఒక పక్క ఆ వారం సంగతులు, రెండో పక్క ఒక వేళాకోళపు బొమ్మ అచ్చువేసి ఉండేవి. చదువు రానివాళ్ళు బొమ్మ చూసే సంగతి గ్రహించేవారు. ఆ బొమ్మల అచ్చులు చెక్కేవాడు బ్రహ్మలింగాచారి.

మకరాంకుడు రాజయ్యాక, చెరువుగట్టు కోసం తెచ్చిన రాళ్ళతో తనకొక విలాసమండపం కట్టించుకున్నాడు. ఆ వారం గుడ్డ మీద దోసకాయంత ముక్కుతో, గట్టురాళ్ళే కిరీటంగా పెట్టుకున్న రాజు కనిపించాడు. సంతంతా నవ్వింది. రాజు మాత్రం అది తాను కాదనీ, శుద్ధ అబద్ధమనీ మండిపడ్డాడు. అచ్చులన్నీ కాల్పించి, జటాలుడనే మాంత్రికుణ్ణి పిలిపించాడు. మర్నాటికి ఆచారి కుడిచేతి వేళ్ళు కొయ్యగా మారాయి. ఆ కొయ్య రోజుకో అంగుళం పైకి పాకసాగింది. గుండెను చేరితే మనిషి మొద్దయిపోతాడు.

వార్తల గుడ్డ ఆగిపోవడంతో ఊళ్ళో ఎవరికీ ఏదీ తెలియకుండా పోయింది. పొరుగురాజు దండెత్తి వస్తున్నాడని కొందరు, కాదు, పిల్లనివ్వడానికి వస్తున్నాడని కొందరు. ఒకే ఇంట్లో అత్తగారు పారిపోవడానికి గిన్నెలు మూటగడుతుంటే, కోడలు గుమ్మానికి తోరణం కట్టింది. ఇద్దరూ ఒకరినొకరు అయోమయంగా చూసుకున్నారు.

ఆచారి కూతురు చెంగల్వకు పదిహేనేళ్ళు. అడవి అవతల కొండమీద ధవళముని ఉన్నాడనీ, ఏ మాయకైనా విరుగుడు చెబుతాడనీ విని బయలుదేరింది.

అడవి మొదట్లోనే మూడుతలల భూతం అడ్డుపడింది. దారి అడిగితే ఎడమతల తూర్పుకు పొమ్మంది, కుడితల పడమరకు పొమ్మంది, నడిమితల తనకు తెలియదంది. ఎవరిని నమ్మాలో తోచక చెంగల్వ కాసేపు కూలబడింది. తర్వాత బొగ్గుముక్కతో బండమీద మూడు తలలనూ గీసింది. రెండు పక్కతలలూ అవి తాము కాదని గర్జించాయి. నడిమితల మాత్రం వంగి తన బొమ్మను చూసుకుంది.

"నా పళ్ళు ఇంత ఎగుడుదిగుడా? సరే, అవి నావే," అని పకపకా నవ్వింది. ఇంతసేపూ పక్కవాళ్ళకు జడిసి తెలియదన్నాననీ, వాగు వెంట ఎగువకు వెళ్ళమనీ చెప్పింది.

వాగు పైన పొగమంచు కమ్మిన లోయలో ఒక మాయజింక తండ్రి గొంతుతో పిలిచింది. "చెంగల్వా, ఇటు రామ్మా." ఆమె నాలుగడుగులు వేసి ఆగింది. గొంతు తండ్రిదే, పిలుపు మాత్రం కాదు. పనిలో ఉన్నవాడు పేరు పెట్టి పిలవడు, ఉలిపిడితో చెక్కను రెండుసార్లు తడతాడంతే. ఆమె రెండు రాళ్ళు తీసి టకటక కొట్టింది. జింకకు బదులు ఎలా ఇవ్వాలో తెలియలేదు. అది మంచుతోపాటే కరిగిపోయింది.

కొండమీద ధవళముని ఆమెను ఎవరి కూతురివని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మరిచిపోయాడు. చివరకు కళ్ళు మూసుకుని అన్నాడు: "మాయ పడిన కొయ్య మీదే రాజు బొమ్మ చెక్కాలి. దాని అచ్చు చూసి రాజు తన నోటితో, ఇది నేనే, అనాలి."

"అంతేనా స్వామీ?"

"ఇంకేదో ఉన్నట్టే ఉంది తల్లీ. జ్ఞాపకం రావడం లేదు."

మాయ పడిన కొయ్య ఎక్కడ దొరుకుతుందో అర్థంకాక ఆమె దారంతా ఆలోచించింది. ఇంటికొచ్చేసరికి తండ్రి భుజం కూడా కొయ్యబారింది. ఆ చేతిని చూశాక ఆమెకు సంగతి తెలిసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. విషయం విన్న ఆచారి ఎడమచేత్తో తన కుడి అరచేతిని తిప్పి పీట మీద పెట్టాడు.

"చెక్కవే. నాకు నొప్పి తెలియదు."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెక్కింది. పని పూర్తయ్యాక తండ్రి అరచేతిని దీపం దగ్గరికి జరిపి చూశాడు. అచ్చు మీద బొమ్మను కుడిఎడమలు మార్చి చెక్కితేనే గుడ్డమీద సరిగ్గా పడుతుంది. ఏడుపులో చెంగల్వ ఆ మాటే మరిచి, చూసింది చూసినట్టు చెక్కేసింది. రాజు ఎడమచెంప మీది పులిపిరి ఇప్పుడు కుడిచెంపకు పడుతుంది.

"మన వంశంలో ఎవరూ చేయని తప్పు చేశావు," అన్నాడు ఆచారి. మరో అరచెయ్యి లేదు. రోజులు అంతకన్నా లేవు. ఇద్దరూ కోటకు నడిచారు.

సభలో ఆచారి తన కొయ్య అరచేతికి నల్లరంగు పూసి తెల్లగుడ్డ మీద అదిమాడు. అదే దోసకాయ ముక్కు, అవే గట్టురాళ్ళు. పులిపిరి పక్క మారిందని సభికులు గుసగుసలాడారు. జటాలుడు మీసం దువ్వాడు.

రాజు చాలాసేపు చూశాడు. అతను తన ముఖాన్ని ఎన్నడైనా చూసింది కుడిఎడమలు మారి కనిపించే అద్దంలోనే. ఇంతవరకూ చూసిన బొమ్మలన్నీ అతనికి ఎవరో పరాయివాడివిగా తోచేవి. ఈ మనిషి మాత్రం రోజూ పొద్దున్నే ఎదురయ్యేవాడే. రాజు చెయ్యి మెల్లగా ఎడమచెంప మీదికి పోయింది.

"ఇది నేనే," అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా.

కొయ్య పెళ్ళుమని పగిలి రాలింది. ఆచారి వేళ్ళు కదిలాయి. ముని మరిచిన మాట ఆ తిరగబడ్డ అచ్చేనని చెంగల్వకు అప్పుడు తట్టింది. జటాలుడు నిలుచున్న చోట పావుకోళ్ళు మాత్రం మిగిలాయి. అతనెటు పోయాడో నలుగురు భటులు నాలుగు దిక్కులు చూపించారు.

రాళ్ళను గట్టుకు చేర్చమని రాజు ఆజ్ఞాపించి, చెంగల్వను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"సంతకు ముందు గుడ్డ కోటలోకి రాకూడదు ప్రభూ. చూడాలనిపిస్తే మీరే సంతకు రండి."

రాజు ఒప్పుకుని, రాజ్యానికి అచ్చులు చెక్కే పని ఆమెకే అప్పగించాడు.

తర్వాతి సోమవారం మకరాంకుడు వరసలో నిలబడి గుడ్డ కొన్నాడు. ఈసారి చెంగల్వ మరిచిపోకుండా కుడిఎడమలు మార్చే చెక్కింది. బొమ్మ చూస్తే మళ్ళీ ఎవరో పరాయివాడిలా ఉంది. రాజు కాస్త తికమకపడి, పక్కన మజ్జిగ అమ్ముతున్న అవ్వకు చూపించాడు. ఆమె గుడ్డను చూసింది, అతని ముఖం చూసింది, మళ్ళీ గుడ్డను చూసింది.

"సరిగ్గానే ఉంది నాయనా," అంది.

రాజు ఆ గుడ్డను మడిచి నడుముకు దోపుకున్నాడు.